నటాల్ ఓడెక్కి పోయిన బంధువు ఆచూకీ తీయడం ఎలా? విక్టోరియా రాణి కాలం రికార్డులతో పూర్తి గైడ్

శ్రీకాకుళం, విశాఖ వైపు, అలాగే నెల్లూరు, చిత్తూరు వైపు చాలా ఇళ్ళల్లో ఒక మాట వినబడుతూ ఉంటుంది, "మా తాత పెదనాన్న ఒకాయన ఓడెక్కి పోయాడంట, మళ్ళీ రాలేదు" అని. అంతకు మించి ఎవరికీ తెలీదు, ఒక్కోసారి పేరు కూడా సరిగ్గా చెప్పలేరు. అటు దక్షిణాఫ్రికాలో డర్బన్ చుట్టుపక్కల అలా పోయినవాళ్ళ మునిమనవలు "మా ఊరు ఏది, మా వాళ్ళు ఎవరు" అని వెతుక్కుంటున్నారు. ఈ రెండు వైపులనీ కలిపే కాగితం చాలామంది విషయంలో ఇప్పటికీ భద్రంగా ఉంది, దాన్ని ఎలా అడగాలో, ఎలా చదవాలో తెలీక ఆగిపోతున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు కొంచెం నేపథ్యం. దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతమే నటాల్. అక్కడి చెరుకు తోటల్లో పని కోసం మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911లో ఆపేసేదాకా మొత్తం 1,52,184 మంది కూలి ఒప్పందం మీద వెళ్ళారు, అందులో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్ళే, అంటే తమిళులు, తెలుగువాళ్ళు. తెల్లదొరలకి వీళ్ళ మీద ప్రేమ ఉండి కాదు గానీ, పారిపోతే పట్టుకోవాలి, జీతం లెక్క కట్టాలి, ఒప్పందం ఎప్పుడు తీరుతుందో తెలియాలి, అందుకని ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద మచ్చతో సహా రాసుకున్నారు. ఆ కాలంలో మన పల్లెల్లో ఒక సామాన్య కూలీ గురించి ఇంత వివరం దొరకడం కష్టం.

ముందు ఏ దేశమో తేల్చుకోండి

ఇది తేలకుండా వెతకడం మొదలుపెడితే ఏళ్ళు పోతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు "రంగం పోయాడు" అంటే అది రంగూన్, బర్మా. అప్పట్లో బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, మేస్త్రీల చేతుల మీదుగా స్టీమర్లలో వెళ్ళి వచ్చేవాళ్ళు, మనిషి మనిషికీ ఇలాంటి రిజిస్టర్ ఉండదు, కాబట్టి ఈ గైడ్ అక్కడ పెద్దగా పనికిరాదు.

మారిషస్ అయితే 1834 నుంచే మొదలైంది, కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి కూడా వెళ్ళారు, పాత కాగితాల్లో తెలుగువాళ్ళని కోరంగీలు అని రాసి ఉంటే కంగారు పడకండి. మారిషస్ రిజిస్టర్లు మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, 1860ల నుంచి చాలామందికి ఫోటోలు కూడా ఉన్నాయి, వెతికే పద్ధతి మాత్రం కింద చెప్పేదే. ఫిజీకి 1879లోనే ఓడలు మొదలైనా మద్రాసు నుంచి నేరుగా పోవడం 1903లో మొదలైంది, కాబట్టి "1890లలో పోయాడు" అని మీ ఇంట్లో గట్టిగా చెప్తుంటే ఫిజీ పక్కన పెట్టేయొచ్చు.

నటాల్‌కి కూడా ఒక ఖాళీ ఉంది, గుర్తుపెట్టుకోండి. 1866లో ఓడలు ఆగిపోయి మళ్ళీ 1874లో మొదలయ్యాయి. మధ్యలో ఏ సంవత్సరం చెప్పినా ఆ లెక్క ఎక్కడో తప్పిందన్నమాట. 1876-78 కరువు మాట వినబడితే మాత్రం అది గట్టి ఆధారం, "పెద్ద కరువులో పోయాడు" అంటే అటూ ఇటూ రెండు మూడేళ్ళలో వెతకొచ్చు.

ఇంట్లో వాళ్ళని అడగాల్సినవి

పేరు ఒక్కటే అడిగి వదిలేయకండి. పోయినాయన తండ్రి పేరు ఏంటి, ఎన్నో కొడుకు, పెళ్ళయ్యాక పోయాడా ముందా, ఒక్కడే పోయాడా ఊళ్ళోవాళ్ళు ఇంకెవరైనా కలిసి పోయారా, ఉత్తరం గానీ డబ్బు గానీ ఎప్పుడైనా వచ్చిందా, ఇవన్నీ అడగండి. తండ్రి పేరు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఓడ లిస్టులో, అంటే ఓడెక్కిన ఒక్కొక్కరి వివరాలు రాసుకున్న రిజిస్టర్లో, ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, తండ్రి పేరు మాత్రం ఉంటుంది. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి తండ్రి పేరు ఎవరికీ గుర్తులేకపోతే తర్వాత తరాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చిన పేర్లు రాసుకోండి, వాటిలో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ.

మీరు దక్షిణాఫ్రికా వైపు నుంచి వెతుకుతుంటే ముందు ఇంట్లో ట్రంకు పెట్టెలు తెరవండి. పాత బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్, ఒప్పందం తీరిందని ఇచ్చిన డిశ్చార్జ్ కాగితం, డెత్ నోటీసు, ఏదైనా సరే. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వల్ల ఇళ్ళు ఖాళీ చేయించి ఛాట్స్‌వర్త్, ఫీనిక్స్ లాంటి చోట్లకి తరలించినప్పుడు చాలా కుటుంబాల కాగితాలు పోయాయి, అందుకని మీ ఇంట్లో లేకపోతే మేనత్తల ఇళ్ళల్లో, చిన్నతాత పిల్లల ఇళ్ళల్లో అడగండి.

కలోనియల్ నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే

నటాల్‌లో దిగిన ప్రతి ఒక్కరికీ వచ్చిన వరసలో ఒక నంబరు ఇచ్చారు, ట్రూరో వాళ్ళతో ఒకటి నుంచి మొదలై 1911 దాకా అదే వరస. దీన్నే కలోనియల్ నంబరు అంటారు. పిల్లల పుట్టుక రాసినప్పుడు తల్లిదండ్రుల నంబర్లు, పెళ్ళి రాసినప్పుడు ఇద్దరి నంబర్లు, చనిపోతే ఆ నంబరు, అన్నిచోట్లా అదే. పాత కాగితంలో పేరు పక్కన సంబంధం లేనట్టు ఒక నాలుగైదంకెల, ఆరంకెల సంఖ్య కనబడితే దాన్ని ఫైలు నంబరు అనుకుని వదిలేస్తారు చాలామంది, మొదట చూడాల్సింది దాన్నే.

నంబరు చూసి కాలం కూడా చెప్పొచ్చు. 1866 ఆఖరికి వచ్చినవాళ్ళు మొత్తం ఆరువేల నాలుగొందల పైచిలుకు మాత్రమే, కాబట్టి 5,000 లోపు నంబరు అంటే మొదటి విడత అన్నమాట, 1,00,000 దాటిందంటే విక్టోరియా రాణి పోయాక, అంటే 1901 తర్వాత వెళ్ళినవాళ్ళు.

ఒరిజినల్ ఓడ లిస్టులు డర్బన్‌లోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని టైప్ చేసి వెతుక్కునేలా చేసింది క్వాజులు-నటాల్ యూనివర్సిటీకి చెందిన గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్, విక్టోరియా కాలం ఓడలు చాలామటుకు అందులోకి వచ్చేస్తాయి. నంబరు ఉంటే నేరుగా ఆ మనిషి వివరాలు రాసిన లైనుకే వెళ్ళొచ్చు.

నంబరు లేకపోతే పేరుతో వెతకాలి, ఇక్కడే ఓపిక కావాలి

తెలుగు మనిషి చెప్పిన పేరుని మద్రాసు డిపోలో, అంటే ఓడెక్కే ముందు కూలీలని ఉంచే చోట, గుమాస్తా తన చెవికి పట్టినట్టు ఇంగ్లీషులో రాశాడు, ఆ గుమాస్తా తమిళాయన అయితే క-గ, త-ద, ప-బ తేడాలు కలిసిపోతాయి. అంటే గంగమ్మ కోసం కంగమ్మ అని కూడా వెతకాలి, బుచ్చమ్మ కోసం పుచ్చమ్మ అని, దాలయ్య కోసం తాలయ్య అని. చివర "డు" ఉన్న పేర్లు డి-యు అని, డి-ఓ-ఓ అని, ఒక్కోసారి అసలు డు లేకుండా కూడా ఉంటాయి. అయ్య అనేది ఐ-ఎ-హెచ్ అవుతుంది, స్వామి కాస్తా సామి అవుతుంది. అందుకని మొత్తం పేరు కొట్టకండి, మధ్యలో మారని నాలుగక్షరాలు తీసుకుని వాటితో వెతకండి, స్టార్ గుర్తు పనిచేసే చోట రెండు వైపులా పెట్టండి.

ఇంకో సంగతి, డర్బన్‌లో ఈరోజు ఇంటిపేరుగా ఉన్నది చాలా కుటుంబాల్లో అసలు ఇంటిపేరు కాదు, మొదట వచ్చినాయన సొంత పేరు గానీ ఆయన తండ్రి పేరు గానీ. అప్పల్‌సామి అని ఇంటిపేరు ఉందంటే ఎవరో ఒక అప్పలస్వామి దగ్గర మొదలైందన్నమాట. నాయుడూ అని ఉంటే దాన్ని పట్టుకుని ఊరు తేల్చడం కుదరదు, అది పట్టం పేరు, ఎన్నో జిల్లాల వాళ్ళకి ఉంది.

పేర్లే ఊరు చెప్తాయి

నాకు ఈ మొత్తం పనిలో బాగా ఇష్టమైన భాగం ఇది, తెలుగు తెలిసినవాళ్ళకే పట్టుబడుతుంది. లిస్టులో జిల్లా చెరిగిపోయినా, తప్పు రాసినా, పేరు చూసి ఏ వైపు వాళ్ళో ఒక అంచనాకి రావొచ్చు, ఎందుకంటే మనవాళ్ళు దగ్గర్లో ఉన్న దేవుడి పేరే పిల్లలకి పెట్టుకునేవాళ్ళు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలమ్మ, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న ప్రభావం, ఉత్తరాంధ్ర అని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి వైపు, నూకయ్య, నూకరాజు, నూకాలు అంటే అనకాపల్లి నూకాలమ్మ వైపు. సన్యాసి, సన్యాసమ్మ కూడా అటువైపే ఎక్కువ. పెంచలయ్య, పెంచలమ్మ అంటే పెంచలకోన నరసింహస్వామి, నెల్లూరు, కడప వైపు. ఓబయ్య, ఓబులమ్మ అంటే అహోబిలం ప్రభావం ఉన్న కడప, కర్నూలు, అనంతపురం వైపు. మునెయ్య, మునెమ్మ, మునిస్వామి అంటే చిత్తూరు, తిరుపతి, దాని పక్కన తమిళ జిల్లాలు.

ఇది ఒక్కటే రుజువు కాదు, మునిస్వామి తమిళాయన కూడా కావచ్చు. కానీ ఒకే పేరున్న ఐదుగురు లిస్టులో తేలినప్పుడు వాళ్ళలో ఎవరి తండ్రి పేరు మీ వైపు పేరులా వినబడుతుందో చూస్తే ముగ్గురు అక్కడికక్కడే పక్కకి తప్పుకుంటారు. దక్షిణాఫ్రికాలో ఉన్నవాళ్ళు ఇంకొకటి చెయ్యొచ్చు, ఇంట్లో తరతరాలుగా ఏ అమ్మవారికి మొక్కు తీరుస్తున్నారో అడగండి, భాష పోయినా, ఊరి పేరు పోయినా అమ్మవారి పేరు చాలా ఇళ్ళల్లో మిగిలి ఉంటుంది.

లైను దొరికాక ఎలా చదవాలి

ఒక ఉదాహరణ చూద్దాం, ఇది నేను కల్పించింది, కాకపోతే వరస ఇలాగే ఉంటుంది. నంబరు, పేరు అప్పడు, తండ్రి పేరు రాముడు, వయసు 22, మగ, కులం గవర, జిల్లా వైజగపటం, తాలూకా సర్వసిద్ధి, ఊరు కొత్తూరు, ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, గుర్తు కుడి మోకాలి మీద గాయం మచ్చ. పైన ఓడ పేరు, దిగిన తేదీ. కొన్నింటిలో ఏ తోటకి ఇచ్చారో, తిరిగి ఇండియా వెళ్ళాడా, చనిపోయాడా కూడా తర్వాత చేర్చి ఉంటుంది.

ఇందులో వయసుని గట్టిగా నమ్మకండి, చూసి అంచనాగా వేసిందే, ఐదేళ్ళు అటూ ఇటూ పోనివ్వండి. కులం కూడా అంతే, చెప్పింది చెప్పినట్టు రాశారు, మార్చి చెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. తండ్రి పేరు, తాలూకా, దిగిన సంవత్సరం, ఈ మూడూ మీ ఇంట్లో చెప్పుకునేదానితో కలిస్తే మనిషి దొరికినట్టే లెక్క, రెండే కలిస్తే ఇంకా వెతకాలి, పేరు ఒక్కటే కలిస్తే అది ఏమీ కాదు. పేరు కలవగానే సంబరపడి ఫ్యామిలీ ట్రీలో ఎక్కించేసి అందరికీ షేర్ చేస్తే, ఆ తప్పు పదిమంది కాపీ చేసుకున్నాక ఇంక దాన్ని వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

ఆడవాళ్ళ లైన్లని అస్సలు వదలొద్దు. ముత్తవ్వకి కూడా సొంత నంబరు, సొంత లైను ఉంటుంది, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. ముత్తాత దొరక్కపోయినా ముత్తవ్వ దొరికి ఆమె పక్క నంబర్లు చూసి మొత్తం కుటుంబం బయటపడొచ్చు, ఎందుకంటే కలిసి వచ్చినవాళ్ళకి చాలాసార్లు వరస నంబర్లే పడ్డాయి. అలాగని పక్క పక్కన ఉన్న ప్రతి జంటా ఇక్కడ పెళ్ళయి వెళ్ళినవాళ్ళే అనుకోకండి, డిపోలో కలిసినవాళ్ళు, ఓడలో కలిసినవాళ్ళు, తోటలో కలిసినవాళ్ళు చాలామంది, పెళ్ళి రిజిస్టర్ చూశాకే ఖాయం చేసుకోండి.

పాత జిల్లాని ఇప్పటి జిల్లాలోకి మార్చుకోవడం

ఇక్కడ తప్పు చేస్తే కరెక్ట్ లైను దొరికినా తప్పు ఊరికి పోతారు. విక్టోరియా కాలంలో శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు గంజాం జిల్లాలో ఉండేవి, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇటు విశాఖలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. కాబట్టి గంజాం అని చూడగానే ఒడిశా అనుకోకండి, తాలూకా చూడండి, చికకోల్ అని ఉంటే అదే శ్రీకాకుళం. వైజగపటం అంటే ఇప్పటి విశాఖ ఒక్కటే కాదు, విజయనగరం, అనకాపల్లి, పార్వతీపురం అన్నీ అందులోవే. సర్వసిద్ధి తాలూకా అంటే యలమంచిలి, ఎస్.రాయవరం వైపు, గోలుగొండ అంటే నర్సీపట్నం వైపు, బిమ్లిపటం అంటే భీమిలి.

గుంటూరు 1859 నుంచి 1904 దాకా విడి జిల్లాగా లేదు, కాబట్టి అటు వాళ్ళు కృష్ణా అని ఉంటారు, ఒంగోలు నెల్లూరులో ఉంటుంది. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్ళు 1911 దాకా నార్త్ ఆర్కాట్, మదనపల్లె మాత్రం కడప. అనంతపురం 1882కి ముందు బళ్ళారిలో. తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యం, రిక్రూటింగ్ ప్రధానంగా మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో జరిగింది కాబట్టి అటువైపు ఊళ్ళు తక్కువ.

ఊరి పేరు చివర్న చూడండి, తాలూకా తేలాకే. కొత్తూరు, వెంకటాపురం, రామాపురం లాంటివి ప్రతి తాలూకాలో ఉంటాయి. తాలూకా తేలాక సెన్సస్ గ్రామాల లిస్టు ముందు పెట్టుకుని రాసిన స్పెల్లింగ్‌ని గట్టిగా పైకి చదవండి, వీలైతే అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఫోన్ చేసి వినిపించండి, కంటికి అర్థం కానిది వాళ్ళ చెవికి వెంటనే తగులుతుంది.

డర్బన్‌లో దిగాక ఏమయ్యాడు

ఒప్పందం ఐదేళ్ళు, మొదటి ఏడు నెలకి పది షిల్లింగులు, ఆ తర్వాత ఏడాదికో షిల్లింగు పెంచేవాళ్ళు. మొదట్లో పదేళ్ళు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. 1895లో చట్టం చేసి ఒప్పందం తీరాక మళ్ళీ చేరని, వెనక్కి పోని వాళ్ళ మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు, దాంతో కొంతమంది మళ్ళీ ఒప్పందంలో చేరారు, కొంతమంది తిరిగొచ్చేశారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే 1895 తర్వాత ఓడెక్కినవాళ్ళ ఆచూకీ తోటలో దొరక్కపోతే తిరిగొచ్చిన ఓడల లిస్టులు కూడా చూడాలి. తిరిగొచ్చి మద్రాసులోనో ఇంకెక్కడో ఆగిపోయి ఊరికి రానివాళ్ళు కూడా ఉన్నారు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఇండియన్ ఇమ్మిగ్రేషన్ డిపార్ట్‌మెంట్ ఫైళ్ళు ఉన్నాయి, కూలీల ఫిర్యాదులు, బదిలీలు, పెళ్ళిళ్ళు, తగాదాలు, "మా తమ్ముడు ఏ తోటలో ఉన్నాడో చెప్పండి" అని పెట్టుకున్న అర్జీలు, ఇలాంటివన్నీ. వీటి సూచికని దక్షిణాఫ్రికా నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ కేటలాగ్‌లో పేరుతోనూ నంబరుతోనూ వెతకొచ్చు. చనిపోయినవాళ్ళ ఎస్టేట్ ఫైళ్ళు అక్కడే, అందులో డెత్ నోటీసు ఉంటే పిల్లల పేర్లు మొత్తం వరసగా దొరుకుతాయి, కొన్ని ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. డర్బన్ కార్పొరేషన్‌లో పనిచేసినవాళ్ళు మ్యాగజైన్ బ్యారక్స్‌లో ఉండేవాళ్ళు, అక్కడ తెలుగు, తమిళ కుటుంబాలు చాలా, కాబట్టి ఇంట్లో ఆ పేరు వినబడితే ఆ దారిలో పోండి. 1931లో పెట్టిన ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఉంది, అక్కడి పెద్దవాళ్ళకి ఏ కుటుంబం ఏ తోట నుంచి వచ్చిందో బాగా తెలుస్తుంది.

ఊళ్ళో వెతకడం

ఊరు తేలాక భూమి రికార్డుల మీద ఆశ పెట్టుకుంటారు అందరూ. రైత్వారీ ఊరైతే, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టిన ఊరైతే, కలెక్టరేట్ రికార్డు రూములో రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ అడగండి, పట్టాదారు పేరు ఉంటుంది. కానీ విశాఖ, గంజాం వైపు ఎక్కువ భాగం జమీందారీ, విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటివి, అక్కడ ప్రభుత్వ సెటిల్‌మెంట్ రికార్డు 1948 ఎస్టేట్ రద్దు చట్టం తర్వాతే వచ్చింది. పైగా ఓడెక్కినవాళ్ళలో చాలామందికి సెంటు భూమి లేదు. కాబట్టి మనుషుల్నే పట్టుకోవాలి, ఓటర్ల లిస్టు తీసి ఇంటిపేర్లు చూడండి, ఆ కులం వాళ్ళ వీధి ఎక్కడో అడగండి, డెబ్భై ఏళ్ళు దాటినవాళ్ళ దగ్గర కూర్చోండి.

డీఎన్ఏ పరీక్ష గురించి చాలామంది అడుగుతారు. అన్నదమ్ముల మునిమనవళ్ళ మధ్య సగటున 70 సెంటీమోర్గాన్ల దాకా కలుస్తుంది (ఇద్దరి డీఎన్ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత ఇది). మన దగ్గర మేనరికాలు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి దూరపు చుట్టం కూడా దగ్గరవాడిలా కనబడతాడు, ఆ అంకె చూసి చుట్టరికం తేల్చకండి. కాగితం ముందు తేలాలి, పరీక్ష దాన్ని బలపరచడానికి.

మనుషుల్ని కలిసేటప్పుడు ఒక జాగ్రత్త. విదేశం నుంచి ఎవరో "మా ముత్తాత మీ వంశమే" అని వస్తున్నారంటే ఊళ్ళో మొదట వచ్చే భయం ఆస్తిలో వాటా అడుగుతారేమోనని. ఆ భయం న్యాయమైనదే, కోప్పడకండి. మొదటి ఫోన్‌లోనే ఆస్తి కోసం కాదని తేటతెల్లంగా చెప్పండి, వీలైతే సర్పంచ్ గానీ బడి మాస్టారు గానీ మధ్యలో ఉండేలా చూసుకోండి, లైను ప్రింటు తీసి పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి పట్టుకెళ్ళండి. వాళ్ళు చెప్పకముందే తండ్రి పేరు మీరు చెప్పేయకండి, "ఆయన తండ్రి పేరు ఏమంటారు పెద్దయ్యా" అని వాళ్ళనే అడగండి, వాళ్ళ నోటి నుంచి వచ్చిన పేరు లిస్టులో పేరుతో కలిస్తేనే దానికి విలువ.

ఊళ్ళో ఎవరికీ ఏమీ గుర్తులేదు అంటే అక్కడితో వదిలేయకుండా మళ్ళీ లిస్టుకి రండి. అదే ఓడలో అదే తాలూకా నుంచి వెళ్ళిన మిగతావాళ్ళ లైన్లు అన్నీ తీసి రాసుకోండి, రిక్రూటర్ ఒక విడతలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలుగురైదుగురిని పోగేసి తీసుకెళ్ళడం మామూలే. వాళ్ళ ఊళ్ళు మ్యాప్ మీద గుర్తు పెడితే, మీ లైనులో రాసిన ఊరు పేరు తప్పు పడినా, అసలు ఊరు ఏ నాలుగు మైళ్ళ చుట్టులో ఉందో తెలిసిపోతుంది, ఈసారి ఆ పక్క ఊళ్ళలో అడగండి.